పార్ట్‌టైమ్ జీతం ఫీజుకు ఎందుకు అందదు? సిక్కోలు, విజయనగరం ఇళ్లలో వేసే విదేశీ చదువు లెక్క

క్లుప్తంగా: విదేశాల్లో చదువుకునే విద్యార్థికి పని చేసుకునే అనుమతి ఉంటుంది. కానీ ఆ అనుమతితో వచ్చే డబ్బు తిండికీ గది అద్దెకూ సరిపోతుందే తప్ప ఫీజుకూ అప్పు వాయిదాలకూ అందదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా కుటుంబాలు అప్పు చేసేముందే ఆ జీతాన్ని ఆదాయం కింద రాసేసుకుంటున్నాయి. 2024 నుంచి కెనడా, ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికా ఒకదాని వెంట ఒకటి నిబంధనలు మార్చడంతో ఈ తేడా ఇంకా పెరిగింది. ఇక్కడ ఇచ్చిన వేతనాలు, రుసుములు 2026 ఆరంభం నాటికి ప్రకటించినవి.

టెక్కలి, రాజాం, విజయనగరం ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనల్ ఇయర్ వచ్చేసరికి ఎంఎస్ మాట మొదలవుతుంది. సీనియర్ల వాట్సాప్ గ్రూపుల్లో కొంత, విశాఖ ద్వారకానగర్‌లోని కన్సల్టెన్సీల్లో కొంత సమాచారం దొరుకుతుంది. ఇంటికొచ్చాక కాగితం మీద లెక్క వేస్తారు. ఫీజు ఇంత, వీసా ఇంత, టికెట్ ఇంత, మొదటి మూడు నెలల ఖర్చు ఇంత. నాలుగో నెల దగ్గరకొచ్చేసరికి ‘పార్ట్‌టైమ్’ అని రాసి గీత కొట్టేస్తారు. అక్కడి నుంచి పిల్లోడు తన ఖర్చు తానే చూసుకుంటాడు, వీలైతే వడ్డీకి కూడా పంపుతాడు అని అనుకుంటారు.

ఈ లెక్క పూర్తిగా తప్పని చెప్పలేం. దీని మొదటి సగం చాలాచోట్ల నిజమే అవుతుంది. ఇబ్బందంతా రెండో సగంలో ఉంది.

గల్ఫ్ వీసా వేరు, చదువు వీసా వేరు

వలస ఈ నేలకు కొత్త కాదు. ఒకప్పుడు ఇక్కడివాళ్లు రంగూన్ ఓడలెక్కారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట వైపు నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్‌కూ సింగపూర్‌కూ వెళ్లడం దశాబ్దాలుగా ఉన్నదే. ఆ వలస పద్ధతి ఊళ్లో అందరికీ తెలుసు. ఏజెంటు డబ్బులు, టికెట్ ముందు ఖర్చు. దిగిన నెల నుంచి జీతం. బస కంపెనీ చూసుకుంటుంది. అన్నీ సవ్యంగా సాగితే ముందు అప్పు తీరుతుంది, తర్వాత ఇంటికి స్లాబ్ పడుతుంది.

చదువు వీసాలో ఈ వరస తిరగబడుతుంది. గల్ఫ్ కంపెనీకి కావలసింది మనిషి పని. విదేశీ యూనివర్సిటీకి కావలసింది ఫీజు. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా యూనివర్సిటీలు స్థానికుల కంటే విదేశీ విద్యార్థుల దగ్గర చాలా ఎక్కువ వసూలు చేస్తాయి, వాటి బడ్జెట్‌లో పెద్ద భాగం ఆ డబ్బు మీదే నడుస్తుంది. పని అనుమతి దానికి తోడుగా ఇచ్చే వెసులుబాటు మాత్రమే. అందుకే వీసా ఇచ్చేముందు డబ్బు విషయంలో ప్రతి దేశమూ చూసేది ఒక్కటే: ఒక్క గంట కూడా పని చేయకుండా ఈ మనిషి మొదటి ఏడాది గడపగలడా? ‘వెళ్లాక సంపాదిస్తాను’ అనే జవాబుకు ఏ దరఖాస్తులోనూ చోటు లేదు.

అంటే డబ్బు ఇప్పటికే ఉందన్న నమ్మకంతో ఆ దేశం రమ్మంటోంది. డబ్బు అక్కడ పుడుతుందన్న నమ్మకంతో ఇల్లు పంపుతోంది. టెన్షన్ అంతా ఈ రెండు నమ్మకాల మధ్య ఖాళీలోనే పుడుతోంది.

చట్టం దగ్గర కూడా ఒక తేడా ఉంది. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంట్లు 1983 నాటి వలసల చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ కావాలి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఆ చట్టం ఉద్యోగం కోసం వెళ్లేవారికి సంబంధించినది. చదువుకు పంపే కన్సల్టెన్సీలు దాని పరిధిలోకి రావు. పంజాబ్ లాంటి రాష్ట్రం 2012లో సొంత చట్టం తెచ్చి ఇలాంటి సంస్థలకూ లైసెన్సు తప్పనిసరి చేసింది. వెల్డర్ని పంపే ఏజెంటు మీద ఉన్నపాటి నిఘా కూడా లక్షల ఫీజుతో ముడిపడిన కన్సల్టెన్సీ మీద లేకపోవడం వింతే.

కన్సల్టెన్సీల ‘ఫ్రీ సర్వీసు’ను కూడా ఈ కోణంలోనే చూడాలి. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాల్లో చాలా యూనివర్సిటీలు తమ దగ్గర చేరిన ఒక్కో విద్యార్థికి ఇంత అని కన్సల్టెన్సీకి కమీషన్ ఇస్తాయి. బోర్డు మీద ‘ఉచితం’ అని ఉన్నా ఎవరో ఒకరు కట్టకుండా ఉండరు కదా. కమీషన్ ఇచ్చే యూనివర్సిటీ పేరు ముందు వినిపించడం, ఫీజు లేని జర్మనీ పబ్లిక్ యూనివర్సిటీ పేరు ఆలస్యంగా రావడం వెనుక మోసమే ఉండాలని లేదు. వ్యాపారం అలా కట్టి ఉంది, అంతే.

గంటల పరిమితి వెనుక లెక్క

ఇక అసలు లెక్కలోకి వద్దాం. బ్రిటన్‌లో డిగ్రీ, పీజీ విద్యార్థి కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు పని చేయవచ్చు. 21 ఏళ్లు నిండినవారికి కనీస వేతనం 2026 ఏప్రిల్ నుంచి గంటకు 12.71 పౌండ్లు. ఇరవై గంటలూ దొరికితే వారానికి 254 పౌండ్లు, నెలకు దాదాపు 1,100. లండన్ బయట చదివేవారు వీసాకు చూపాల్సిన జీవన ఖర్చు నెలకు 1,171 పౌండ్లు, లండన్‌లో అయితే 1,529. సంపాదన దాదాపుగా ఖర్చు దగ్గరకు వచ్చి ఆగిపోతోంది. ఎంఎస్సీ ఫీజు తరచూ 15 వేల నుంచి 25 వేల పౌండ్ల మధ్య ఉంటుంది. అందులో ఒక్క పౌండు కూడా ఈ జీతంలోంచి మిగలదు.

కెనడాలో క్యాంపస్ బయట వారానికి 24 గంటలు. కోవిడ్ తర్వాత మనుషుల కొరత ఉన్నప్పుడు 2022 నవంబరు నుంచి 2024 ఏప్రిల్ ఆఖరు దాకా పరిమితి ఎత్తేశారు, ఆ తర్వాత 20 గంటల పాత నిబంధన తిరిగి వచ్చి, 2024 నవంబరులో 24 అయింది. ఒంటారియోలో కనీస వేతనం 17.60 కెనడా డాలర్లు. ఇరవై నాలుగు గంటల చొప్పున నెలకు సుమారు 1,830. వీసాకు ఫీజు కాక చూపాల్సిన మొత్తం 2025 సెప్టెంబరు నుంచి ఏడాదికి 22,895 డాలర్లు, అంటే నెలకు 1,908. ఇక్కడా అదే తీరు. ఈ మొత్తం 2023 దాకా పదివేలే ఉండేది. 2024 జనవరిలో ఒక్కసారిగా 20,635కు పెంచారు. రెండేళ్ల ముందు వెళ్లిన సీనియర్ చెప్పిన బడ్జెట్ జూనియర్‌కు పనికి రాకపోవడానికి ఇదొక కారణం. ‘నేను వారానికి నలభై గంటలు చేశా’ అని ఆ సీనియర్ చెప్పే మాట అబద్ధం కాకపోవచ్చు. అతను చెప్తున్నది పరిమితి ఎత్తేసిన కాలం సంగతి.

ఆస్ట్రేలియాలో పదిహేను రోజులకు 48 గంటలు. గంటకు 24.95 ఆస్ట్రేలియా డాలర్ల కనీస వేతనంతో ఏడాదంతా ఆపకుండా చేస్తే 31 వేల పైచిలుకు. చూపాల్సిన జీవన ఖర్చు 29,710. అక్కడి వీసా రుసుము 2024 జూలైలో 710 నుంచి 1,600కు, ఏడాది తిరిగేసరికి 2,000 డాలర్లకు పెరిగింది. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు.

జర్మనీ ఒక్కటే ఈ వరసలో కొంచెం పక్కకు నిలబడుతుంది. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయవచ్చు. రోజుకు 8 గంటలు, గంటకు 13.90 యూరోలు వేసుకుంటే 15,500 దాటుతుంది. ముందుగా బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాల్సింది 11,904 యూరోలు, అది నెలకు 992 చొప్పున వెనక్కి వస్తుంది. చాలా పబ్లిక్ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం విదేశీ విద్యార్థులు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. కాగితం మీద ఇంతకంటే మంచి లెక్క లేదు. అయితే క్లాసు ఇంగ్లిష్‌లో నడిచినా షాపులో, హోటల్లో పని దొరకాలంటే జర్మన్ రావాలి. మన చదువు కాగితాలు సరైనవని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కూ, వీసా అపాయింట్‌మెంట్‌కూ నెలల ముందే పని మొదలుపెట్టాలి. ఇంటి దగ్గర ఓపిక తక్కువైనప్పుడు జర్మనీ జాబితాలోంచి జారిపోతోంది.

పై అంకెలన్నీ మొదటి వారం నుంచే పని దొరికి, పూర్తి గంటలు పడి, సెలవూ జ్వరమూ లేకుండా గడిస్తే వచ్చేవి. నిజంగా జరిగేది అలా ఉండదు. బ్యాంకు ఖాతా, పన్ను నంబరు, అద్దె ఇల్లు కుదిరేసరికే వారాలు గడిచిపోతాయి. సెప్టెంబరులో ఒకేసారి దిగిన వందలమంది అదే ఊళ్లో అవే షాపుల చుట్టూ తిరుగుతారు. దొరికిన చోట వారానికి 20 గంటలు ఇస్తారన్న హామీ కూడా ఉండదు. ఒక వారం పన్నెండు, ఒక వారం ఎనిమిది.

వారం అంటే ఏ వారం?

వీసా ఇబ్బందులు చాలావరకు ఇలాంటి చిన్న ప్రశ్నల దగ్గరే మొదలవుతాయి. బ్రిటన్‌లో వారం అంటే సోమవారం నుంచి ఆదివారం. పోయిన వారం పది గంటలే చేశాను కాబట్టి ఈ వారం ముప్ఫై చేస్తానంటే కుదరదు. సగటు లెక్క లేదు.

ఆస్ట్రేలియా లెక్క ఇంకాస్త మెలికగా ఉంటుంది. పదిహేను రోజులు అన్నా నిజానికి సోమవారం మొదలయ్యే 14 రోజులు. ప్రతి సోమవారమూ ఒక కొత్త 14 రోజులు మొదలవుతుంది. ఒక విద్యార్థి మొదటి వారం 15 గంటలు, రెండో వారం 30, మూడో వారం 20, నాలుగో వారం 20 చేశాడనుకుందాం. మొదటి రెండు కలిపితే 45, చివరి రెండు కలిపితే 40. జతలుగా చూస్తే అంతా బాగానే ఉంది. కానీ రెండో వారం, మూడో వారం కలిపితే 50. అక్కడ పరిమితి దాటేశాడు. షిఫ్టులు వేసే మేనేజర్‌కు ఈ సంగతి పట్టదు, పట్టించుకోవాల్సింది విద్యార్థే.

ఏడాది ఎంఎస్సీకి బ్రిటన్ వెళ్లేవారు పొరబడే చోటు మరొకటుంది. డిగ్రీ పిల్లలకు వేసవి సెలవులు ఉంటాయి, ఆ రోజుల్లో పూర్తి సమయం పని చేయవచ్చు. ఎంఎస్సీ విద్యార్థికి ఆ జూన్, జూలై, ఆగస్టు నెలలు డిసర్టేషన్ (కోర్సు చివరి పరిశోధన వ్యాసం) రాసే కాలం. వీసా దృష్టిలో అది సెలవు కాదు, చదువు సాగుతున్న కాలమే. ఇరవై గంటల పరిమితి అప్పుడూ ఉంటుంది. వేసవిలో ఫుల్‌టైమ్ చేసి ఫీజు చివరి వాయిదా కట్టేద్దామని వేసుకున్న ప్లాన్ ఇక్కడే తలకిందులవుతుంది.

ఫుడ్ డెలివరీ యాప్‌ల సంగతీ అంతే. బ్రిటన్‌లో స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషిద్ధం. డెలివరీ యాప్‌లో పని చేసేవారిని ఉద్యోగులుగా కాక స్వయం ఉపాధి కిందే లెక్కిస్తారు కాబట్టి, గంటలు ఎన్నైనా సరే, ఆ పని వీసా ఉల్లంఘనే. వేరొకరి అకౌంటు వారానికింత అని అద్దెకు తీసుకుని తిరిగితే రెండు తప్పులు.

పరిమితి దాటిన గంటలు పేస్లిప్‌లోకి రావు, చేతికి క్యాష్‌గా వస్తాయి. క్యాష్ అనగానే కనీస వేతనం కంటే తగ్గుతుంది. తక్కువ ఇచ్చారని ఫిర్యాదు చేద్దామంటే ముందు తన ఉల్లంఘన బయటపెట్టుకోవాలి. యజమానికి ఆ సంగతి బాగా తెలుసు. నిబంధన విద్యార్థిని చదువు మీద ఉంచడానికి పెట్టిందే అయినా, ఖర్చు ఒత్తిడిలో ఉన్నవాడిని అది చౌక కూలీగా మార్చేస్తోంది.

అమెరికాలో దారి వేరు

అమెరికాకు పై లెక్క అతకదు. అక్కడి విద్యార్థి వీసా అయిన ఎఫ్-1 మీద కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు పని చేయవచ్చు గానీ అది క్యాంపస్ లోపలే. డైనింగ్ హాలు, లైబ్రరీ, ల్యాబ్, అదృష్టం బాగుంటే ప్రొఫెసర్ దగ్గర అసిస్టెంట్‌షిప్. ఉద్యోగాలు కొద్ది, అడిగేవాళ్లు ఎక్కువ. గ్యాస్ స్టేషన్‌లోనో రెస్టారెంట్‌లోనో క్యాష్‌కు చేసే పని గంటల పరిమితి దాటడం కాదు, మొదటి గంట నుంచే ఉల్లంఘన. దొరికితే స్టేటస్, అంటే అక్కడ చట్టబద్ధంగా ఉండే హక్కు, పోతుంది. తర్వాత ఎప్పుడో హెచ్-1బీకో గ్రీన్‌కార్డుకో వెళ్లినప్పుడు కూడా అది అడ్డొస్తుంది.

అమెరికా లెక్క చదువు అయ్యాక మొదలవుతుంది. కోర్సు పూర్తయ్యాక 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో పని చేసే అనుమతి), సైన్స్, టెక్నాలజీ కోర్సులకు మరో 24 నెలలు. మూడేళ్లపాటు చదివిన రంగంలో పూర్తి జీతానికి పని చేయవచ్చు. ఇంత పొడవైన అవకాశం ఉండటం వల్లే ఫీజు ఎక్కువైనా బీటెక్ కంప్యూటర్స్ చదివినవారి చూపు అటే ఉంటుంది. కానీ మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. పొడిగింపు కూడా కలిపితే 150. ఆ రోజులు కరిగిపోతున్నప్పుడే కొందరు పేరుకు ఉద్యోగంలో ఉన్నట్టు కాగితాలిచ్చే సంస్థల దగ్గరకు వెళ్తారు. దాని వల్ల వచ్చే ప్రమాదం స్టేటస్ పోవడంతో ఆగదు, తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే అమెరికా తలుపులు శాశ్వతంగా మూసుకుపోవచ్చు.

ఓపెన్ డోర్స్ వార్షిక నివేదిక ప్రకారం 2024–25లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. అంతకు ముందు ఏడాది కంటే పది శాతం ఎక్కువ. ఈ ఒక్క అంకె చూసి అమెరికా జోరు తగ్గలేదనుకుంటే పొరపాటు. అందులో 1,43,740 మంది ఓపీటీలో ఉన్నవారు, అంటే చదువు ముగించి ఉద్యోగం చేస్తున్నవారో వెతుకుతున్నవారో. ఆ సంఖ్య ఏడాదిలో దాదాపు సగం పెరిగింది. పీజీ చదువుతున్నవారు మాత్రం తొమ్మిదిన్నర శాతం తగ్గారు. వచ్చేవారు తగ్గుతున్నారు, ఉద్యోగాల బజారులో నిలబడ్డవారు పెరుగుతున్నారు.

ఓపీటీ తర్వాత లాటరీలో దక్కే హెచ్-1బీ వర్క్ వీసా. ఏటా 65 వేలు, అమెరికాలో పీజీ చేసినవారికి అదనంగా 20 వేలు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అమెరికాలోనే ఉంటూ విద్యార్థి స్టేటస్ నుంచి మారేవారికి అది వర్తించదని తర్వాతి నెలలో వివరణ వచ్చింది. దానితో ఒక చిత్రమైన ఫలితం వచ్చింది: విశాఖలో కూర్చుని అమెరికా ఉద్యోగానికి ప్రయత్నించేవాడి కంటే అక్కడ చదివినవాడిని తీసుకోవడం కంపెనీకి చౌక. ఆ తర్వాత లాటరీ కూడా జీతాల స్థాయిని బట్టి బరువు వేసే పద్ధతికి మారింది. పై స్థాయి జీతగాడి పేరు నాలుగుసార్లు, కింది స్థాయి వాడి పేరు ఒక్కసారి పడుతుంది. అప్పుడే చదువు ముగించినవారు ఎక్కువగా ఉండేది కింది స్థాయిలోనే.

ఇంటి పెద్దల్లో చాలామందికి 2011 నాటి ట్రై-వ్యాలీ యూనివర్సిటీ గుర్తుంటుంది. కాలిఫోర్నియాలోని ఆ సంస్థ మూతపడినప్పుడు అందులో చేరిన తెలుగు విద్యార్థుల్లో కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు వేశారు. 2019లో గుట్టు బయటపడిన మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అసలు అమెరికా అధికారులే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి సంస్థ. రెండు చోట్లా విద్యార్థులను లాగింది చదువు పేరుతో పని అనుమతి దొరుకుతుందన్న ఆశే. ఫీజు మరీ తక్కువగా ఉండి, క్లాసులకు పెద్దగా రానక్కర్లేదని, మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చని ఎవరైనా అంటే ఈ రెండు పేర్లు గుర్తు చేసుకోవాలి.

జీడితోట ఉంది, కానీ బ్యాంకుకు చాలదు

ఇప్పుడు ఇంటి వైపు లెక్క. ప్రభుత్వ రంగ బ్యాంకులు రుణ హామీ పథకం కింద 7.5 లక్షల దాకా తనఖా లేకుండా విద్యారుణం ఇస్తాయి. విదేశీ చదువుకు అది ఒక మూలకు కూడా రాదు. ఆపైన సాధారణంగా ఆస్తి అడుగుతారు. ఈ రెండు జిల్లాల్లో ఆస్తి అంటే ఎక్కువగా భూమి: ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు, మిగతాచోట్ల వరి పొలం. ఇక్కడే చిక్కు. అప్పు తీరకపోతే కోర్టుకు వెళ్లకుండా తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. రైతును కాపాడటానికి పెట్టిన ఆ మినహాయింపు వల్ల పెద్ద విద్యారుణానికి తోటను తనఖాగా తీసుకోవడానికి బ్యాంకులు వెనకాడతాయి. గ్రామకంఠంలో ఉన్న ఇంటికి రిజిస్టర్ కాగితాలు సరిగా లేకపోతే అదీ లెక్కలోకి రాదు. ఎకరాల తోట ఉన్న ఇంటికి రాని అప్పు పట్టణంలో చిన్న అపార్ట్‌మెంట్ ఉన్న ఇంటికి వస్తోందంటే కారణం ఇదే.

అప్పుడు మిగిలేవి రెండు దారులు. ఒకటి, తనఖా లేకుండా ఇచ్చే ప్రైవేటు ఫైనాన్స్ సంస్థ. వడ్డీ ఎక్కువ, పైగా చదువు సాగుతుండగానే నెలనెలా వడ్డీలో కొంతైనా కట్టమంటుంది. రెండోది, ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ. మాట వినడానికి చిన్నదిగా ఉంటుంది గానీ ఏడాదికి 24 శాతం. దానికి బ్యాంకు రుణానికి ఉండే మారటోరియం (చదువు అయ్యేదాకా వాయిదాలు ఆగే గడువు) లేదు, ఆదాయపు పన్నులో వడ్డీకి వచ్చే మినహాయింపూ లేదు. విదేశానికి పంపే డబ్బు ఏడాదిలో 10 లక్షలు దాటితే టీసీఎస్, అంటే పంపేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను, పడుతుంది. బ్యాంకు నుంచి తీసుకున్న విద్యారుణం డబ్బుకు అది పడదు. చేబదులు డబ్బుకు పడుతుంది, తర్వాత రిటర్న్ వేసి వెనక్కి తీసుకోవాలి.

పేర్లలో పోలిక వల్ల ఇంకో గందరగోళం కూడా ఉంది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం దేశంలోని ఎంపిక చేసిన విద్యాసంస్థలకే. విదేశీ సీటుకు ఆ పథకం కింద రుణం రాదు.

అంకెల్లో చూద్దాం. 11 శాతం వడ్డీకి 30 లక్షలు మొదట్లోనే తీసుకుంటే ఏడాదికి 3.3 లక్షల వడ్డీ. రెండేళ్ల చదువులో ఏమీ కట్టకపోతే బాకీ 36.6 లక్షలు. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెల వాయిదా సుమారు 50 వేల రూపాయలు. 2025 డిసెంబరులో డాలరు తొలిసారి 90 రూపాయలు దాటింది. ఆ రేటు ప్రకారం ఇది 560 డాలర్లలోపే. అమెరికాలో ఉద్యోగం దొరికినవాడికి పెద్ద విషయం కాదు. వీసా ముగిసి తిరిగొచ్చి విశాఖలో 35 వేల జీతానికి చేరినవాడికి మోయలేని బరువు. అప్పు రూపాయల్లో ఉన్నా అది తీరుతుందన్న నమ్మకం మాత్రం డాలర్ల మీద కట్టింది. రూపాయి పడిపోతే అక్కడ ఉద్యోగం ఉన్నవాడికి వాయిదా తేలికవుతుంది, ఇంకా ఫీజు కట్టాల్సినవాడికి అదే ఫీజు బరువెక్కుతుంది. ఒకే ఊళ్లో రెండు ఇళ్లకు ఒకే వార్త రెండు రకాలుగా వినిపిస్తుంది.

ఫండ్స్ చూపించడం

వీసాకు కావలసినంత బ్యాలెన్స్ లేనప్పుడు ‘ఫండ్స్ చూపిస్తాం’ అనేవారు దొరుకుతారు. కొద్ది రోజులు ఖాతాలో డబ్బు వేసి, దానికి వడ్డీ తీసుకుని, పని కాగానే వెనక్కి లాగేసుకుంటారు. బ్రిటన్‌కు ఆ మొత్తం వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఒక్కరోజు తగ్గినా వీసా నిరాకరించవచ్చు. కాగితాలు దొంగవని తేలితే పదేళ్ల నిషేధం. పట్టుబడకపోయినా అసలు చిక్కు తీరదు. ఆ నిబంధన పెట్టింది అక్కడ మొదటి ఏడాది చేతిలో డబ్బు ఉండాలని. అద్దెకు తెచ్చిన బ్యాలెన్స్‌తో వీసా వచ్చినవాడు దిగిన వారం నుంచే ఖాళీ చేతులతో పని వెతుకుతాడు. గంటల పరిమితి ముందుగా దాటాల్సిన అవసరం పడేది అతనికే.

వైద్యవిద్య లెక్క

ఫిలిప్పీన్స్, జార్జియా, రష్యా, కిర్గిజ్‌స్తాన్‌లకు ఎంబీబీఎస్ కోసం వెళ్లేవారికి పార్ట్‌టైమ్ ప్రస్తావనే రాదు. జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం కోర్సు 54 నెలలకు తగ్గకూడదు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి, బోధన ఇంగ్లిష్‌లో జరగాలి. నీట్ అర్హత ముందే ఉండాలి. తిరిగొచ్చాక స్క్రీనింగ్ పరీక్ష రాసి, ఇక్కడ మళ్లీ ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏడెనిమిదేళ్లపాటు ఆదాయం ఉండదన్న లెక్కతోనే ఆ నిర్ణయం తీసుకోవాలి.

ముందున్న మార్పులు

నిబంధనల దిశ అన్నిచోట్లా ఒకటే. బ్రిటన్ 2024 జనవరి నుంచి చాలా కోర్సుల విద్యార్థులకు భార్యాభర్తలను, పిల్లలను తీసుకెళ్లే వీలు తీసేసింది. కెనడా అదే నెలలో స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టింది, నవంబరులో భారతీయులు వాడుకునే ఎస్‌డీఎస్ అనే వేగవంతమైన స్టడీ పర్మిట్ దారిని మూసేసింది. అమెరికా 2025 మే చివర్లో వీసా ఇంటర్వ్యూల కొత్త అపాయింట్‌మెంట్లు ఆపి, జూన్ మధ్య దాటాక సోషల్ మీడియా ఖాతాల తనిఖీతో మళ్లీ మొదలుపెట్టింది. ఆ మూడు వారాల్లో స్లాట్ కోసం ఎదురుచూసిన శ్రీకాకుళం విద్యార్థికి ఇంటర్వ్యూ అంటే రాత్రి బండెక్కి హైదరాబాద్ కాన్సులేట్‌కు వెళ్లడమే. తేదీ మారితే టికెట్టూ లాడ్జీ మళ్లీ కొత్తగా చూసుకోవాలి.

ఫీజులు కట్టే విద్యార్థులు ఆ దేశాలకు ఇంకా కావాలి. చదువు అయ్యాక ఉండిపోయేవారు తగ్గాలన్నది అక్కడి రాజకీయాల ఒత్తిడి. అందుకే కోత ఫీజుల మీద కాక స్టేబ్యాక్ (చదువు అయ్యాక ఉండనిచ్చే గడువు) మీద, కుటుంబం మీద, వర్క్ వీసా జీతాల పరిమితి మీద పడుతోంది. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ జీతం పరిమితి 2024 ఏప్రిల్‌లో 38,700 పౌండ్లు, 2025 జూలైలో 41,700. కొత్తగా చదువు ముగించినవారికి కొంత తగ్గింపు ఉన్నా అది కొన్నేళ్లకే.

ఈ రెండు జిల్లాల నుంచి ఇప్పుడు దరఖాస్తు చేస్తున్నవారికి వెంటనే తగిలేది బ్రిటన్ గ్రాడ్యుయేట్ రూట్ మార్పు. ఇప్పటిదాకా చదువు అయ్యాక రెండేళ్లు ఉండనిచ్చే ఆ వీసా 2027 జనవరి 1 నుంచి వేసే దరఖాస్తులకు 18 నెలలే. పీహెచ్‌డీ వారికి మాత్రం మూడేళ్లు కొనసాగుతుంది. తేదీ లెక్కేసేది కోర్సులో చేరిన రోజును బట్టి కాదు, గ్రాడ్యుయేట్ వీసాకు దరఖాస్తు వేసిన రోజును బట్టి. 2025 సెప్టెంబరులో ఏడాది ఎంఎస్సీలో చేరి, యూనివర్సిటీ ఫలితాన్ని హోం ఆఫీసుకు (బ్రిటన్ వీసాలు చూసే శాఖకు) తెలియజేశాక 2026 డిసెంబరు 31లోపు దరఖాస్తు వేస్తే రెండేళ్లు దొరుకుతాయి. 2026 సెప్టెంబరు బ్యాచ్‌లో చేరేవారికి ఆ వీలు లేదు. అదే ఫీజు, అదే అప్పు, సంపాదించుకునే గడువు ఆరు నెలలు తక్కువ. వాయిదాల పట్టిక వేసుకునేటప్పుడు ఆ ఆరు నెలల జీతం తీసేసి చూసుకోవాలి.